పంచాంగంలో దొరికిన చీటీ

ఈ పత్రికలో డాక్టర్లు వ్యాసం రాస్తే చదివేవారికి రెండు భయాలు. ఒకటి, అర్థం కాదేమోనని. రెండు, అర్థమైతే ఆవకాయ మానెయ్యమంటారేమోనని. రెండో భయం అక్కర్లేదని ముందుగానే మనవి చేస్తున్నాం. మేము రాయబోయేది ఒక చీటీ గురించి. అరచేతిలో పట్టేటంత చీటీ. దానిమీద ఒక పేరు, ఒక అంకె వుంటాయి. అలాంటివి మేమే కొన్ని వందలు రాసి ఇచ్చాం. అందులో మా తప్పు ఏమిటో తెలియడానికి మాకు చాలాకాలం పట్టింది.

మా ఇంట్లో ఇద్దరమూ డాక్టర్లమే. కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదువుకున్నాం. ఇక్కడ రెసిడెన్సీ ముగిశాక, మనలో చాలామంది లాగానే, జె-1 వీసా షరతు తీర్చుకోవడానికి 2017లో ఒక పల్లెటూరి కౌంటీకి చేరాం. నార్త్ డకోటా సెనేటరు కెంట్ కాన్రాడ్ పుణ్యమా అని 1994లో వచ్చిన ఏర్పాటు అది. డాక్టర్లు కరువైన చోట మూడేళ్లు పనిచేస్తే, రెండేళ్లు స్వదేశంలో వుండి రావాలన్న నిబంధన మాఫీ అవుతుంది. మూడేళ్లకని వెళ్లినవాళ్లం ఇంకా అక్కడే వున్నాం.

మా కౌంటీ అలబామాలో, బ్లాక్ బెల్ట్ అనే ప్రాంతంలో వుంది. ఆ పేరు మొదట నేల రంగునుబట్టి వచ్చింది. అచ్చంగా మన నల్లరేగడి. ఒకప్పుడు ఎటు చూసినా పత్తి. మనవాళ్లెవరైనా మా ఇంటికి మొదటిసారి వస్తే కారు దిగుతూనే "గుంటూరు జిల్లాలా వుందే!" అంటారు. 2011లో సి.డి.సి. వారు షుగరు జబ్బు దట్టంగా వున్న కౌంటీలను దేశపటం మీద గుర్తించారు. 15 రాష్ట్రాల్లో 644 కౌంటీలు. దానికి డయాబెటిస్ బెల్ట్ అని పేరు వచ్చింది. ఆ పటంలో మా కౌంటీ కూడా వుంది.

వెళ్లిన ఏడాదే ఉత్సాహంగా ఒక పని మొదలుపెట్టాం. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో బల్ల వేసుకుని కూర్చునేవాళ్లం. అరవై దాటిన పెద్దలు వరుసగా వచ్చేవారు. నడుముకి టేపు, చేతికి బి.పి. పట్టీ, వేలికి చిన్న సూది. ఐదు నిమిషాల్లో ఒకరు. అంకె ఎక్కువగా వుంటే చీటీ మీద రాసి, "మీ డాక్టరును కలవండి" అని చెప్పి చేతిలో పెట్టేవాళ్లం. సాయంత్రానికి బల్ల మడిచి, ఎంతో మంచి పని చేశామన్న తృప్తితో ఇంటికి వచ్చి పప్పుచారు పెట్టుకునేవాళ్లం.

ఒక ఆదివారం ఎనభై ఏళ్ల పెద్దావిడ ఒకరు చెయ్యి చాపకుండా మా ఎదురుగా కూర్చున్నారు. "బిడ్డల్లారా, సూది గుచ్చుతారు, అంకె చెబుతారు. ఆ తరవాత ఎవరొస్తారు?" అని అడిగారు. మేము నవ్వి ఏదో జవాబు చెప్పాం. ఆవిడ నవ్వలేదు. లేచి వెళ్లిపోయారు.

ఆవిడ ఎందుకు అలా అడిగారో మా క్లినిక్కు నర్సు తరవాత చెప్పింది. అలబామాలోనే మేకన్ కౌంటీ వుంది. అందులో టస్కీగీ. 1932లో ప్రభుత్వ ఆరోగ్యశాఖ అక్కడి నల్లజాతి రైతుల్లో 600 మందిని పోగుచేసింది. వారిలో 399 మందికి సిఫిలిస్ వుంది, 201 మందికి లేదు. "మీ రక్తం చెడింది, ఉచితంగా చూస్తాం" అన్నారు. భోజనం పెట్టారు, చనిపోతే దహన ఖర్చులు, అంటే అక్కడివారి పద్ధతిలో పాతిపెట్టే ఖర్చులు, ఇస్తామన్నారు. ఏళ్ల తరబడి రక్తం తీశారు, పుస్తకాల్లో రాసుకున్నారు. మందు మాత్రం ఇవ్వలేదు. 1940ల చివరికి పెనిసిలిన్ అందరికీ దొరుకుతున్నా వీరికి అందనివ్వలేదు. 1972లో పత్రికల్లో బయటపడేదాకా నలభై ఏళ్లు అలాగే సాగింది. 1997లో ప్రెసిడెంటు క్లింటన్ ఆ కుటుంబాలకు క్షమాపణ చెప్పారు.

మా బల్లకీ ఆ ఘోరానికీ పోలిక లేదు, నిజమే. వారిది తెలిసి చేసిన ద్రోహం. కాని ఆ పెద్దావిడ ప్రశ్న న్యాయమైనది. పరీక్ష చేసి, తరవాత సంగతి పట్టించుకోకుండా పోయేవాడు ఉచితంగా చేసినా ఉపకారం చేసినట్టు కాదు. ఆ రాత్రి కూర్చుని లెక్క చూసుకున్నాం. ఏడాదిగా అంకె ఎక్కువ వచ్చినవారిలో మా క్లినిక్కుకి గాని, మరొకరి దగ్గరికి గాని వెళ్లినవారిని చేతి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. కొందరికి కారు లేదు. కొందరికి కారు వున్నా నడపడానికి చూపు ఆనదు. కొందరు అంకె చూసి భయపడి చీటీ పారేశారు. కొందరు బైబిల్లో దాచుకున్నారు. డబ్బు ఒక్కటే కారణం అనడానికి లేదు. అరవై ఐదు దాటినవారికి, ముప్పు వున్నదని డాక్టరు రాస్తే, ఈ పరీక్షల ఖర్చు మెడికేరే భరిస్తుంది.

దీన్ని ఎలా సరిదిద్దాలా అని మేము ఆలోచిస్తూ వుండగానే ఇంటినుంచి ఫోను వచ్చింది.

మాలో ఒకరికి కన్నతండ్రి, రెండోవారికి మామగారు. ఇద్దరమూ నాన్నగారనే పిలుస్తాం. భీమవరం దగ్గర పల్లె. డెబ్బైకి దగ్గర పడినా రోజూ చేలగట్లమీద తిరిగే మనిషి. సన్నగా, నిటారుగా వుంటారు. ప్రతి ఆదివారం ఫోనులో "ఆరోగ్యం ఎలా వుంది నాన్నగారూ?" అని అడిగేవాళ్లం. "నాకేవుందర్రా, గుండ్రాయిలా వున్నాను" అనేవారు. మేము నమ్మేవాళ్లం. లావుగా లేరుగా!

2019 వేసవిలో పొలంలో అరికాలికి నత్తగుల్ల గీరుకుంది. ఆయనకు తెలియలేదు. రెండు రోజుల తరవాత గచ్చుమీద రక్తపు మరక చూసి అమ్మ గుర్తుపట్టింది. పసుపు పెట్టారు. కట్టు కట్టారు. మూడు వారాలకు మాకు కబురు తెలిసేసరికి వేలు నల్లబడింది. పట్నం ఆసుపత్రిలో చేర్చారు. మాలో ఒకరం పరుగున వెళ్లాం. కాలి బొటనవేలు పక్క వేలు తీసేశారు. పాదం దక్కింది.

ఆసుపత్రిలో కావలసిన కాగితాలు వెతుకుతుంటే, అమ్మ పాత పంచాంగం తెచ్చి ఇచ్చింది. అందులో రేషను కార్డు నకలు, కరెంటు బిల్లులు, వాటి మధ్య ఒక చీటీ. మూడేళ్ల కిందట ఎవరో ఊళ్లో ఉచిత శిబిరం పెట్టినప్పుడు ఇచ్చినది. నాన్నగారి పేరు, వయస్సు, పరగడుపున షుగరు 212. కింద "డాక్టరును కలవండి" అని ఒక రబ్బరు ముద్ర.

"ఇది మాకెందుకు చెప్పలేదు నాన్నగారూ?" అంటే, "మీరు బాగుందా అని అడిగారు, బాగుందన్నాను. చీటీ వుందా అని అడగలేదుగా" అన్నారు. వేళాకోళానికే అన్నారు. ఆ మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే వుంది. అవతల అలబామాలో ముక్కూమొహం తెలియని పెద్దలకు మేము ఇచ్చిన చీటీలు ఎలాంటివో, మా ఇంటికి వచ్చిన చీటీ కూడా అలాంటిదే. ఆ శిబిరం వాళ్లను తప్పు పట్టే అర్హత మాకు లేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి అనుకోవద్దు. ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాదు కేర్ సంస్థ, సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి చేసిన పరిశీలన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. 20 గ్రామాల్లో ముప్పై దాటినవారిని పరీక్షిస్తే నూటికి 13 మందికి షుగరు జబ్బు వుంది. అదే బృందం 45 గ్రామాల్లో మరణాలకు కారణాలు కూడా రాసుకుంది. దాదాపు మూడోవంతు చావులు గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తనాళాల జబ్బులవల్లనే. మలేరియా, విరేచనాలు పల్లెటూరి జబ్బులనీ, షుగరు పట్నవాసపు జబ్బనీ మనం చదువుకున్నది ఎప్పుడో పాతబడిపోయింది. 2023లో ఐ.సి.ఎం.ఆర్. వారు దేశమంతటి లెక్క ప్రకటించారు. షుగరు జబ్బు వున్నవారు 10 కోట్ల 10 లక్షలు. దాని గడప దగ్గర నిలబడ్డవారు 13 కోట్ల 60 లక్షలు.

"సన్నగా వున్నారు, ఆయనకేం" అన్న మన నమ్మకానికి కూడా ఒక కథ చెప్పాలి. పూనా డాక్టరు యాజ్ఞిక్ గారు, లండన్ డాక్టరు యుడ్కిన్ గారు స్నేహితులు. ఇద్దరిదీ ఎత్తుకు తగిన బరువు లెక్క ఒక్కటే, 22.3. పక్కపక్కన నిలబడితే ఇద్దరూ సన్నవాళ్లే. కాని ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్ గారికి నూటికి 9.1 పాళ్లు, మన యాజ్ఞిక్ గారికి 21.2 పాళ్లు! 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోతో సహా వేయించుకున్నారు. మనవారి కొవ్వు చేతుల్లో కాళ్లలో కనబడదు, పొట్టలో దాక్కుంటుంది. అందుకనే 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వారు ఆసియావారికి 25 దాకా ఆగకుండా 23 దాటితేనే పరీక్ష చెయ్యమన్నారు.

ఇక మెటబాలిక్ పరీక్ష అంటే ఏమిటో నాలుగు ముక్కల్లో చెబుతాం. తిన్న తిండిని ఒళ్లు ఎలా వాడుకుంటోందో చూడడమే. ఐదు సంగతులు చూస్తారు. నడుము చుట్టుకొలత: మన మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 చేరకూడదు. బి.పి.: 130/85 చేరకూడదు. పరగడుపున షుగరు: 100 లోపు వుండాలి. ట్రైగ్లిసరైడ్లనే కొవ్వు: 150 లోపు వుండాలి. హెచ్.డి.ఎల్. అనే మంచి కొవ్వు: మగవారికి 40, ఆడవారికి 50 కంటే తగ్గకూడదు. ఐదింటిలో మూడు తప్పితే జాగ్రత్త పడవలసిన మనిషి అన్నమాట. పరగడుపున షుగరు 126 గాని, మూడు నెలల సగటు చెప్పే ఎ1సి 6.5 గాని చేరితే అది జబ్బు. ఎ1సి 5.7 నుంచి 6.4 దాకా గడప మీద వున్నట్టు. ఒక్క పరీక్షతో ముద్ర వెయ్యకూడదు, లక్షణాలు లేనప్పుడు రెండోసారి చేసి నిర్ధారించుకోవాలి. రక్తహీనత వున్నవారిలో ఎ1సి తప్పు చెప్పవచ్చు. మన పల్లెల్లో పెద్దవాళ్లకు రక్తహీనత ఎక్కువ కాబట్టి పరగడుపు పరీక్ష కూడా చేయించడం మంచిది.

అసలీ వయస్సులో తెలుసుకుని ఏం లాభం అని కొందరు అడుగుతారు. లాభం వుంది. 2002లో ఈ దేశంలో 27 చోట్ల, మూడు వేల పైచిలుకు జనంమీద జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం ఫలితాలు వచ్చాయి. గడప మీద వున్నవారు వారానికి 150 నిమిషాలు నడిచి, బరువు నూటికి ఏడు పాళ్లు తగ్గించుకుంటే జబ్బు రావడం 58 శాతం తగ్గింది. అరవై దాటినవారిలో ఆ తగ్గుదల 71 శాతం! కుర్రవాళ్లకంటే పెద్దవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. 2006లో మద్రాసు డాక్టరు రామచంద్రన్ గారి బృందం మన దేశంలో చేసి చూపించినప్పుడు 28 శాతం పైగా తగ్గింది. అంత ఎక్కువ కాదు, కాని మనవాళ్లలో కూడా పని చేస్తుందని తేలింది.

అలబామాలో మా బల్ల ఇప్పుడు ఎలా నడుస్తోందో చెబుతాం. ముందుగా, రోజుకి చూసే జనాన్ని తగ్గించాం. వారం రోజుల్లో మేము మళ్లీ ఎంతమందిని చూడగలమో అంతమందికే సూది గుచ్చుతాం. చీటీ ఇవ్వడం మానేశాం. నోటుపుస్తకం పెట్టాం. అందులో పెద్దవారి పేరు పక్కన మరొక పేరు రాయాలి: కూతురో, మనవడో, పక్కింటివారో, చర్చి నర్సో. అంకె ఆ ఇద్దరికీ కలిపి చెబుతాం. క్లినిక్కుకి రావలసిన రోజు, తీసుకువచ్చే కారు ఎవరిదో అక్కడే తేల్చుకుంటాం. రెండు వారాల్లో మేము ఫోను చేస్తాం. కౌంటీ వ్యవసాయ విస్తరణ శాఖ వారితో మాట్లాడి వంట క్లాసులు పెట్టించాం. 1914 చట్టంతో రైతులకు వ్యవసాయం నేర్పడానికి పుట్టిన ఆ శాఖే నేడు పల్లెల్లో తిండి సంగతులు కూడా చెబుతోంది. స్వీట్ టీలో పంచదార సగానికి దించడానికి మాకు పట్టిన తిప్పలు, మన పెద్దల చేత అన్నం ఒక గరిటె తగ్గించడానికి పట్టే తిప్పలకు ఏమాత్రం తీసిపోవు.

మొదట్లో లేచి వెళ్లిపోయిన పెద్దావిడ మరుసటి ఏడు తిరిగి వచ్చారు. నోటుపుస్తకం తీసి, తన పేరు పక్కన రాసిన మనవరాలి పేరు సరిగ్గా వుందో లేదో కళ్లద్దాలు పెట్టుకుని చూసి, అప్పుడు చెయ్యి చాపారు.

ఇప్పుడు మన సంఘంవారికి మా మనవి. మనలో చాలామందికి అమ్మా నాన్నా పల్లెల్లోనే వున్నారు. వేసవికి ఆరు నెలలు వచ్చి వెడతారు. ఆ పెద్దల విషయంలో ఈ నాలుగు పనులు చెయ్యండి.

ఒకటి. "ఆరోగ్యం బాగుందా?" అని అడగడం మానండి. "ఆఖరుసారి షుగరు, బి.పి. ఎప్పుడు చూశారు? అంకె ఎంత? కాగితం ఎక్కడ వుంది?" అని అడగండి. పంచాంగం కూడా వెతికించండి.

రెండు. టిక్కెట్టు కొనేముందు అక్కడే పరీక్షలు చేయించండి. సందర్శకుల ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బుల ఖర్చు ఇవ్వవు. ఇక్కడికి వచ్చాక బయటపడితే, తిరిగి వెళ్లాక ఎవరు చూస్తారో తేల్చకుండా మందుల సంచీ ఇచ్చి విమానం ఎక్కించకండి.

మూడు. అక్కడ ఒక మనిషిని చూసుకోండి. తమ్ముడో, మేనల్లుడో, పక్కింటి పిన్నిగారో. ఊళ్లో ఆశా కార్యకర్తకూ, ఎ.ఎన్.ఎం.కూ ముప్పై దాటినవారందరికీ షుగరు, బి.పి. చూసే బాధ్యత వుంది. వారి పేరూ ఫోను నంబరూ మీ దగ్గర వుండాలి. డబ్బు పంపడం సులువే. నెలకొకసారి ఆ మనిషితో మాట్లాడడం కష్టం. కావలసింది ఆ రెండోదే.

నాలుగు. మందు మొదలైతే మరీ బిగించవద్దు. ఏదో ఒక కుర్రవాడికి పెట్టినట్టు డెబ్బై ఐదేళ్లవారికి లక్ష్యం పెట్టకూడదు. వేరే జబ్బులు కూడా వున్న పెద్దలకు ఎ1సి 8 లోపు వున్నా చాలు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకుని ఏకాదశి ఉపవాసం వుంటే షుగరు పడిపోయి, తూలి కిందపడి తుంటి విరిగే ప్రమాదం వుంది. ఉపవాసం మానమని మేము చెప్పం. చెప్పినా మానరు. ముందురోజు డాక్టరును అడిగి మాత్ర సంగతి తేల్చుకోమనండి. ఏడాదికోసారి కళ్లు, మూత్రంలో ఆల్బుమిన్ చూపించాలి. పాదాలు మాత్రం రోజూ చూసుకోవాలి. ఒంగలేనివారు నేలమీద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు.

నాన్నగారు ఇప్పుడు కులాసాగా వున్నారు. ఎం.సి.ఆర్. చెప్పులు లేకుండా గుమ్మం దాటరు. చేనిగట్టుమీద చెప్పులతో నడిచేవాడు రైతేనా అని ఊళ్లో ఎవరో అంటే, తొమ్మిది వేళ్లున్న రైతు అని జవాబు చెప్పారట. అమ్మ కూడా పరీక్ష చేయించుకుంది. ఆవిడకు బి.పి. వున్నట్టు తేలింది. పదేళ్లుగా తలనొప్పికి అమృతాంజనం రాసుకుంటూ వుంది.

రాబోయే ఉగాది సభనాడు భోజనాల హాల్లో ఒక మూల మేము బల్ల వేసుకుని కూర్చుంటాం. కార్యవర్గంవారు సరేనన్నారు. ఇండియానుంచి వచ్చిన పెద్దలను తీసుకురండి. చీటీలు ఇవ్వం, నోటుపుస్తకం తెస్తాం. మీ నాన్నగారి పేరు రాయించేటప్పుడు పక్కన మీ పేరూ, ఊళ్లో వారిని చూసుకునేవారి పేరూ చెప్పాలి. ఆ రెండు పేర్లూ అనుకుని వస్తేనే సూది బయటికి తీస్తాం.